అగ్గిపెట్టె మనుషులు

నేను గీసే మనుషులకు ఎముకలుండవు. ఆ సంగతి మొదట కనిపెట్టింది మా ఆవిడ. బెండకాయలు తరుగుతున్న ఆమెను అరగంట కష్టపడి గీసి చూపిస్తే, కళ్లజోడు సర్దుకుని, "దండెం మీద తువ్వాలు బాగానే ఉంది గానీ, క్లిప్పు పెట్టడం మర్చిపోయారు" అంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఫైళ్ల అంచుల్లో పైఅధికారుల బొమ్మలు గీసినవాణ్నే. అయితే అవన్నీ మొహాలు. మెడ కింద కూడా మనిషి ఉంటాడని రిటైరయ్యాకే తెలిసింది. బాపు గారి బొమ్మ చూసి, నాలుగు గీతలే కదా అని దిగినవాళ్లలో నేనూ ఒకణ్ని. నాలుగే, నిజమే. ఏ నాలుగో ఆయనకే తెలుసు.

చివరికి ఆదివారం ఆదివారం డ్రాయింగ్ క్లాసులో చేరాను. మాస్టారు నా తువ్వాళ్లన్నీ ఓపిగ్గా తిరగేసి, "కొన్నాళ్లు మనుషుల జోలికి పోకండి. పెట్టెలు గీయండి. తలకొకటి, ఛాతీకొకటి, తుంటికొకటి. ఈ మూడూ వంగవు. వంగేదంతా మధ్యలో ఉన్న మెడా నడుమూనే" అన్నారు.

"తల వంగకపోవడమేంటండీ? నలభై ఏళ్లుగా ఇంట్లో వంచుతూనే ఉన్నాను."

"అది మెడ" అన్నారు మాస్టారు.

ఈ మూడు పెట్టెల పాఠాన్ని న్యూయార్క్ ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో జార్జ్ బ్రిడ్జ్‌మన్ ఏళ్ల తరబడి చెప్పాడట. 1920లో పుస్తకం కూడా వేశాడు. ఆయన కంటే చాలా ముందే, 1528లో అచ్చయిన మనిషి కొలతల పుస్తకంలో జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ ఒంటిని పెట్టెలుగా విడగొట్టి చూపించాడు. నాకు బాగా నచ్చినవాడు మాత్రం అదే శతాబ్దంలో ఇటలీలోని జెనోవాలో ఉన్న లూకా కాంబియాసో. కాళ్లూ చేతులతో సహా మనిషి మొత్తాన్ని చెక్క దిమ్మలుగా గీసి, గుంపులు గుంపులుగా నిలబెట్టేశాడు. ఇల్లు మారేవాళ్ల లారీలోంచి సామానంతా దిగి కబుర్లు చెప్పుకుంటున్నట్టుంటుంది.

పెట్టే ఎందుకు? గుడ్డుకు ముందేదో వెనకేదో తెలియదు. పెట్టెకు ముఖముంది, పక్కుంది, పైకప్పుంది. పైకప్పు కనిపిస్తే మనం పైనుంచి చూస్తున్నట్టు, అడుగు కనిపిస్తే కిందనుంచి. వెలుగు పడేటప్పుడు కూడా ఒక్కో ముఖం ఒక్కో రంగు తేలుతుంది. తుంటి ఎటు తిరిగిందో చీర కుచ్చిళ్లు దాచేస్తాయి గానీ, పెట్టె దాచదు.

మూడు అగ్గిపెట్టెలకు దారం గుచ్చి బల్ల మీద వేలాడదీశాను. నెల తిరిగేసరికి జబ్బు ముదిరింది. పెళ్లికి వెళ్తే పెళ్లికూతురు కనబడలేదు. పీటల మీద మూడు పెట్టెలు, పక్కన ఇంకో మూడు, వాటి మీదకు వంగిన పురోహితుడి మూడు. నా బొమ్మల పుస్తకం చూసిన మనవడైతే ఎగిరి గంతేశాడు. "తాతయ్యా, నీకు మైన్‌క్రాఫ్ట్ వచ్చా!"

అసలు విద్య వంటింట్లో అబ్బింది. ఓ పొద్దున మా ఆవిడ పొయ్యి ముందు నిలబడి చెల్లెలితో ఫోన్ మాట్లాడుతోంది. బరువంతా కుడికాలి మీద. అందుకని తుంటి పెట్టె కుడివైపు లేచింది. ఛాతీ పెట్టె కుడివైపే దిగింది. ఎడమ భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకోవడంతో తల పెట్టె ఎడమకు ఒరిగింది. మూడు పెట్టెలు, మూడు వాలులు! మన శిల్పులు త్రిభంగం అన్నది దీన్నే కదూ. ఇన్నేళ్లూ గుళ్లకు వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చేశాను గానీ, స్వామివారి తుంటి ఎటు లేచిందో ఒక్కసారీ చూసిన పాపాన పోలేదు.

"కదలకు! అచ్చం వేణుగోపాలస్వామివే!"

"చేతిలో ఉన్నది గరిటె" అని నాకు చెప్పి, "ఏం లేదే, మీ బావగారు" అని ఫోన్‌లో చెప్పింది. ఆ రెండో మాటకు అటువైపు ఇంకే వివరణా అక్కర్లేకపోయింది.

అయినా గీశాను. మొదటిసారి ఎముకలున్న మనిషి కాగితం మీద నిలబడింది. మా ఆవిడ చాలాసేపు చూసి, "నడుం నొప్పి పెట్టి అలా నిలబడ్డాను. అది కూడా పడిందే!" అంది. జీవితంలో నాకు దక్కిన కళావిమర్శ అదొక్కటే.

ఆ సాయంత్రం రెండో బొమ్మ మొదలుపెడదామని కూర్చుంటే, దారానికి ఛాతీ వరకే ఉంది.

"ఏమేవ్, ఇక్కడ తుంటి ఉండాలి!"

"దీపం పెట్టుకోవాలి కదండీ. ఛాతీలో అన్నీ కాలిపోయిన పుల్లలే. తలలో ఎలాగూ ఏమీ లేదు. తుంటి దేవుడి గదిలో ఉంది, తెచ్చుకోండి."