పదమూడో పంచవర్ష ప్రణాళిక

దేశంలో పన్నెండో పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిసింది. అంతకు రెండేళ్ల ముందే ప్రణాళికా సంఘాన్ని ఎత్తేసి నీతి ఆయోగ్ అని కొత్త బోర్డు తగిలించారు. ఇక ఈ దేశంలో ముందుచూపుతో ప్లాను వేసేవాళ్లే లేకుండా పోయారని కొందరు పెద్దలు బెంగపెట్టుకున్నారు. అనవసరం. ఆ సంఘం ఎక్కడికీ పోలేదు. మణికొండ, మియాపూర్, కొండాపూర్ అపార్టుమెంట్లలో రాత్రి పదకొండు దాటాక, పిల్లలు పడుకున్నాక, డైనింగ్ టేబుల్ దగ్గర నిక్షేపంలా సమావేశమవుతోంది. అధ్యక్షురాలు, ఇప్పుడే ఆఫీసు ల్యాప్‌టాప్ మూసి వచ్చిన అమ్మ. సభ్య కార్యదర్శి, ఇంకా ల్యాప్‌టాప్ మూయని నాన్న. ఎజెండాలో ఒకటే అంశం: ఐదేళ్లు నిండబోతున్న పిల్లాడి పుట్టినరోజు.

మా ఇంట్లో ఈ ప్రణాళిక ఆగస్టులో మొదలైంది. పుట్టినరోజు నవంబరులో. ‘ఇంకా మూడు నెలలుంది కదా’ అన్నాను. ‘అక్టోబరాఖరు దాకా క్లబ్‌హౌస్‌లో ఒక్క శనివారం ఖాళీ లేదు, తెలుసా? మీరిలాగే కూర్చోండి’ అంది మా ఆవిడ. కూర్చోవడమే నా ఉద్యోగమని, దానికే జీతమిస్తున్నారని అనబోయి ఊరుకున్నాను.

మావాడు పుట్టింది నవంబరు 25న. ఈసారి అది బుధవారం. పుట్టిన రోజునే పుట్టినరోజు చేసుకునే స్థోమత ఈ రోజుల్లో ఎవరికుంది? బుధవారం సాయంత్రం ఆరున్నరకి నాకు అమెరికా వాళ్లతో కాల్. ఏడున్నరకి ఆవిడకి. కనక బంధుమిత్రుల కోసం వాడు శనివారం పుడతాడు. స్కూల్లో మాత్రం బుధవారమే, ఎందుకంటే యూనిఫాం మానేసి కలర్ డ్రెస్ వేసుకునే హక్కు డేట్ ఆఫ్ బర్త్ సర్టిఫికెట్‌ని బట్టి వస్తుంది. ఇంతలో తెనాలి నుంచి మా అమ్మ ఫోను. ‘ఒరేయ్ అబ్బాయ్, మీ శనివారాలూ బుధవారాలూ నాకు తెలీదు. తిథి ఆ పైవారం సోమవారం వచ్చింది. తలంటి పోసి, కొత్తబట్టలు కట్టి, పరమాన్నం వండి గుడికి తీసుకెళ్లండి’ అంది. అంటే వారం తిరక్కుండా వాడికి మూడుసార్లు ఐదేళ్లు నిండుతాయి. పూర్వం తిథి, వారం, నక్షత్రం చూసేవాళ్లు. ఇప్పుడు క్లబ్‌హౌస్ ఖాళీ, డెకరేషన్ వాళ్ల స్లాటు, మా ఇద్దరి మేనేజర్ల మనఃస్థితి, ఈ మూడూ కుదిరిందే సుముహూర్తం.

ముహూర్తం కుదిరాక థీమ్. ‘థీమ్ ఏమిటి?’ అని అడగనివాడు పాపాత్ముడు. పుట్టినరోజుకి థీమ్ పుట్టినరోజే కదా అన్నానని ఇంట్లో రెండు రోజులు నాతో మాటల్లేవు. సరే, కర్త వాడే కాబట్టి వాణ్నే అడిగాం. ఆగస్టులో డైనోసార్ అన్నాడు. ఆ బొమ్మ ప్లేట్లు ఆర్డరిచ్చాం. వినాయక చవితి నాటికి స్పైడర్‌మ్యాన్ అయింది. దసరా సెలవుల్లో మా వీధిలో రోడ్డు తవ్వారు. ఇప్పుడు వాడికి జేసీబీ తప్ప మరేదీ వద్దు. ఆఫీసులో క్లయింటు కూడా ఇంతే, రోజుకో మాట మారుస్తాడు. కానీ మార్చిన ప్రతిసారీ అతనికి బిల్లు వేస్తాం. ఇక్కడ మార్చేదొకడు, బిల్లు కట్టేదొకడు.

ఛోటా భీమ్ పెట్టుకుందామని నేనొక ప్రతిపాదన తెచ్చాను. మన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ స్టూడియోలో తయారైన కుర్రాడు, 2008 నుంచి లడ్డూలు తిని కొండల్ని పిండి చేస్తున్నవాడు. వీగిపోయింది. ‘భీమ్ థీమ్ ఇప్పుడెవరు పెడుతున్నారండీ?’ అంది ఆవిడ. నిజమే. ఇంటిపక్క వీరుడు గేటెడ్ కమ్యూనిటీకి పనికిరాడు. అందుకు అమెరికా సాలీడన్నా కావాలి, జపాను పిల్లి అన్నా కావాలి.

డెకరేషన్ కుర్రాడు వచ్చి ట్యాబ్‌లో ఫొటోలు చూపించాడు. ‘సార్, బేసిక్‌ల హాఫ్ ఆర్చే వస్తది సార్. ఫుల్ ఆర్చ్ గావాలంటే ప్రీమియం. సెల్ఫీ పాయింట్, వెల్‌కం బోర్డు ప్లాటినంల వస్తయి.’

‘బేసిక్‌లో ఇంకేం వస్తాయమ్మా?’

‘బేసిక్ ఎవరూ తీస్కోరు సార్.’

బెలూన్లతో సగం కమాను కట్టి మిగతా సగం ఊహించుకోమంటే ఆహూతులు ఏమనుకుంటారు? ప్లాటినానికి సంతకం పెట్టాం. రెండు గంటల పార్టీ కోసం నాలుగు గంటలు కట్టే ఆ కమానును మావాడూ, వాడి సైన్యమూ నాలుగు నిమిషాల్లో పగలగొడతారు. కళాకారుడికి ఆ సంగతి తెలుసు. అందుకే డబ్బు ముందే తీసుకుంటాడు.

ప్రభుత్వం మా బోటివాళ్లను కనిపెట్టుకునే ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కేకు మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. సంబరపడేలోగా ఈవెంటు వాళ్ల కొటేషన్ వచ్చింది. అడుగున 18 శాతం అలాగే ఉంది. కేకు చవకైంది, కోయించడం కాలేదు.

అదే ప్రభుత్వం 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్నిటిని నిషేధించింది. ఆ జాబితా ఎవరు రాశారో గానీ, ముందురోజు సాయంత్రం ఎవరిదో బర్త్‌డే పార్టీకి వెళ్లొచ్చి రాసి ఉంటారు. బెలూన్లకు గుచ్చే ప్లాస్టిక్ పుల్లలు, చిన్న జెండాలు, లాలీపాప్ పుల్లలు, ఐస్‌క్రీం పుల్లలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, ఫోర్కులు, కత్తులు, స్ట్రాలు, స్వీటు డబ్బాల మీదా ఆహ్వానపత్రికల మీదా చుట్టే పల్చటి పొర, వంద మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు. చెవిలో తిప్పుకునే పుల్లలు, సిగరెట్టు పెట్టె మీది పొర వదిలేస్తే మిగిలినదంతా పుట్టినరోజు సరుకుల చీటీయే. నిషేధం వచ్చి నాలుగేళ్లు దాటింది. మొన్న మేం వెళ్లిన పార్టీలో రెండంతస్తుల కేకు పెట్టారు. బర్త్‌డే బాబు ఉత్సాహంగా కింది అంతస్తులో కత్తి దించాడు. దిగలేదు. వాళ్ల నాన్న చెయ్యేశాడు. కీచుమని చప్పుడొచ్చింది. కింది అంతస్తు థర్మోకోల్, దానిమీద క్రీము. పై అంతస్తే కేకట. చట్టవిరుద్ధమైన పునాది మీద అక్రమంగా లేచిన పై అంతస్తును చూసి, ఆహా, ఎంతైనా మన నగరం కేకు అనుకున్నాను.

అన్నిటికన్నా కష్టం పిలుపుల జాబితా. పెళ్లిపిలుపుల్లో ఇంత రాజకీయం లేదు. క్లాసులో అందర్నీ పిలవాలి, కొందర్నే పిలిస్తే మర్నాడు వాట్సాప్ గ్రూపు మూగబోతుంది. అపార్టుమెంటులో వాడితో సైకిలు తొక్కేవాళ్లు, వాళ్ల తమ్ముళ్లు. మా ఆఫీసువాళ్లు. మా పిన్నిగారి అమ్మాయి నిజాంపేటలోనే ఉంటుంది, పిలవకపోతే తెనాలి దాకా మాట పోతుంది. ఈ జాబితా రాస్తుంటే నాకొక సంగతి బయటపడింది. మా ఆవిడ ఫోనులో మనుషుల పేర్లు లేవు. ‘విహాన్ మమ్మీ యూకేజీ బి’, ‘సమన్వి మమ్మీ స్విమ్మింగ్’, ‘మోక్ష్ డాడీ బ్లాక్ సి’. రెండేళ్లుగా పరిచయం, నెలకోసారి ఒకరింట్లో ఒకరు తింటారు, ఒకరి పేరొకరికి తెలియదు. ఆ లెక్కన నేను ఎవరి ఫోనులో ఏ బ్లాకు కింద ఉన్నానో!

ఈ పనులన్నీ ఎప్పుడు చేస్తున్నామంటారా? పనిలోనే. మీటింగులో మైకు మ్యూట్ చేసి, లేత నీలమా, ముదురు నీలమా అన్నది తేలుస్తాం. సిగ్నలు దగ్గర కేటరింగ్ ఆయనతో పనీర్ బేరమాడతాం. పిల్లాడు బంతి పట్టుకుని వచ్చి ‘నాన్నా, ఆడుకుందాం రా’ అంటే, ‘కాసేపాగమ్మా, నీ బర్త్‌డే పనిలోనే ఉన్నా’ అంటాం. వాడు ఆగుతాడు. ఆగస్టు నుంచీ ఆగుతున్నాడు.

పార్టీ నడిచే తీరు మీకు తెలియంది కాదు. కార్డులో ఏడు గంటలని ఉంటుంది. ఏడింటికి వెళితే నిచ్చెన మీద డెకరేషన్ కుర్రాడు ఒక్కడే ఉంటాడు, అతనే మనకు నమస్కారం పెడతాడు. తొమ్మిదికి జనం వస్తారు. కేకు కోయాల్సినవాడు అప్పటికి అమ్మమ్మ భుజం మీద నిద్రలో ఉంటాడు. మొదటి పుట్టినరోజు అయితే మరీ అన్యాయం. హాలునిండా మూడొందలమంది, స్టేజీ మీద సింహాసనం, అందులో షేర్వాణీ గుచ్చుకుని గుక్కపట్టి ఏడ్చే ఏడాది బిడ్డ. పాపం, తనెందుకు పుట్టాడో వాడికింకా తెలియదు, ఫొటోగ్రాఫరుకి తెలుసు.

యాంకరమ్మ మైకులో ‘లౌడర్! ఐ కాంట్ హియర్ యూ!’ అంటుంది. పిల్లలకి వినపడుతూనే ఉంటుంది, పెద్దల చెవులే పోతాయి. మ్యూజికల్ చెయిర్స్‌లో పిల్లలు ఆడతారు, తల్లులు గెలుస్తారు. ఒక పార్టీలో చెయ్యి కడుక్కోవడానికి క్లబ్‌హౌస్ వెనక్కి వెళ్లాను. పంపు పక్కన మెట్టు మీద డోరేమాన్ తల ఉంది. దాని పక్కన ఆ నీలం ఒంటితోనే పందొమ్మిదేళ్ల కుర్రాడు కూర్చుని పేపరు ప్లేటులో పులావు తింటున్నాడు. జుట్టు నీళ్లలో ముంచి తీసినట్టుంది. ‘పిల్లలు తోక గుంజుతున్నరన్నా, కడుపుల గుద్దుతున్నరు. గంటకోపారి ఇప్పనిస్తరు’ అన్నాడు. ఇంతలో రెండేళ్ల పాప ఒకతి అటుగా వచ్చి, విడిగా పడున్న తలను చూసి పెట్టిన కేక యాంకరమ్మ మైకుని కూడా మింగేసింది. ఆ కుర్రాడు ప్లేటు కింద పెట్టి గబగబా తల తగిలించుకుని పాపకి చెయ్యి ఊపాడు. ఆ రాత్రి అక్కడ పిల్లల కోసం పనిచేసినవాడు అతనొక్కడే.

అన్నట్టు, ఈ తతంగంలో ఉచితంగా దొరికేది పాట ఒక్కటే. అదీ ఈమధ్యే. 1893లో అమెరికాలోని కెంటకీకి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్లు బడిపిల్లల కోసం అచ్చువేయించిన బాణీ అది. దానికి తగిలిన హ్యాపీ బర్త్‌డే మాటల మీద హక్కు తమదేనని వార్నర్ చాపెల్ సంస్థ దశాబ్దాలపాటు సినిమావాళ్ల దగ్గరా, టీవీవాళ్ల దగ్గరా వసూలు చేసింది. 2015లో అక్కడి కోర్టు ఆ హక్కు చెల్లదంది. మరుసటేడు కోటీ నలభై లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ సంస్థ మన యూకేజీ తల్లిదండ్రుల సంగతి కనుక్కోలేదు గానీ, పాడినందుకు కూడా ప్లాటినం ప్యాకేజీ కట్టేవాళ్లం.

‘మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?’ అని నిట్టూర్చే పెద్దమనుషులు ఈపాటికి లేచి ఉంటారు. కూర్చోండి సార్. మన రోజుల్లో కలర్ డ్రెస్, జేబులో చిత్తూరు న్యూట్రిన్ వాళ్ల ఆశ చాక్లెట్ల పాకెట్టు, టీచరుకి రెండు, పిల్లలకి ఒకటి. ఖర్చు తక్కువే. కానీ పక్క సెక్షన్లకి పంచడానికి తోడు ఎవర్ని తీసుకెళ్లాలన్నదాని మీద ఎన్ని స్నేహాలు విరిగాయో గుర్తు తెచ్చుకోండి. నన్ను తీసుకెళ్లనివాడితో నేను నాలుగో తరగతంతా మాట్లాడలేదు. పెట్టుబడి పెరిగింది గానీ రాజకీయం పాతదే.

ఇక రిటర్న్ గిఫ్టు. మన పెళ్లిళ్లలో చదివింపులకు ఒక నోటుబుక్కు, దాని ముందో పెద్దమనిషి ఉండేవారు. ఇరవయ్యేళ్ల తర్వాత వాళ్లింట్లో పెళ్లికి ఆ పుస్తకం తీసి అంతకు అంత చదివించేవాళ్లు. ఇప్పుడు గూగుల్ షీటు. ఇరవయ్యేళ్లు ఎవరాగుతారు, ఆ రాత్రే తిరిగివ్వాలి. జూన్‌లో ఒకాయన పెన్సిలు డబ్బా ఇచ్చాడు. జూలైలో ఇంకొకరు అందులో పెన్సిళ్లు కూడా పెట్టారు. ఆగస్టులో వాటర్ బాటిలు, దాని మీద పిల్లల పేర్లు. సెప్టెంబరులో పేరున్న బాటిలు, బాటిలుకి సంచి, సంచి మీద మళ్లీ పేరు. అక్టోబరు మొదటివారంలో ఒకరు కుండీతో సహా మొక్కనిచ్చారు, పర్యావరణం కోసం, సెల్లోఫేన్‌లో చుట్టి. మా అమ్మ మాత్రం ‘స్టీలు గిన్నె ఒకటి పేరు కొట్టించి ఇవ్వండి, పదికాలాలుంటుంది’ అంది. మావాడి వంతు వచ్చేనాటికి స్కూటరు పంచాల్సి వస్తుందేమోనని నాకు నిద్రపట్టడం లేదు.

అందుకే యూకేజీ బి సెక్షన్ తల్లిదండ్రులకు ఈ కాలమ్ ద్వారా బహిరంగంగా ఒక విన్నపం. మనమందరం కలిసి ఒక ఒప్పందం చేసుకుందాం. ఇకమీదట ఎవరూ ప్లాటినం తీసుకోకూడదు. కమాను సగమే ఉండాలి. కేకు ఒకే అంతస్తు, అడుగు దాకా కేకే అయి ఉండాలి. ఏడంటే ఏడే, రానివాళ్లకి పులావు లేదు. డోరేమాన్‌ని గుద్దినవాడికి రిటర్న్ గిఫ్టు లేదు, గుద్దనివాడికీ ఒక చాక్లెట్టే. అందరూ దయచేసి గ్రూపులో బొటనవేలు పెట్టి ఆమోదించగలరు. ఒప్పందం డిసెంబరు 1 నుంచి అమల్లోకి వస్తుంది. మావాడి పార్టీ నవంబరు 28న, ఫుల్ ఆర్చ్‌తో. సకుటుంబంగా వచ్చేయండి.