పిట్ట కోసం పాట్లు

పిట్టల ఫొటోలు తీసే సరదా తెలుగునాట మామూలుగా కార్తీకంలో పుడుతుంది. చెరువులు నిండుగా ఉంటాయి, ఎండ చురుక్కుమనదు, వలస పక్షులు దిగుతుంటాయి, వనభోజనాల పుణ్యమా అని మనిషి కూడా ఎలాగూ ఊరి బయటికొస్తాడు. సెల్‌ఫోన్‌లో తీసిన కొంగ తెల్లటి చుక్కలా పడటంతో జబ్బు మొదలవుతుంది. 600 ఎంఎం లెన్స్ కొన్నాక ముదురుతుంది. ఆ లెన్స్ అసలు ధర ఇంట్లో సగమే చెప్పడం ఈ రంగంలో ఆచారం.

శీతాకాలం ఈ సరదాకు పెళ్లిళ్ల సీజను. నేలపట్టులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు కాపురం పెడతాయి. కాస్త అవతల పులికాట్‌లో, శ్రీహరికోట రోడ్డుకు అటూ ఇటూ ఫ్లెమింగోలు బారులు తీరతాయి. నీళ్లలో కనిపించిన ప్రతి పక్షీ సైబీరియా నుంచి వచ్చిందనడం మనవాళ్లకు అలవాటు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా వచ్చే గూడబాతులకూ, ఎర్రకాళ్ల కొంగలకూ కూడా ఈ సైబీరియా పౌరసత్వం ఎప్పుడో ఇచ్చేశారు. అవి ఈ దేశంలోనే పుట్టి పెరిగేవి. నిజంగా హిమాలయాలు దాటి వచ్చిన బార్‌హెడెడ్ గూస్ మాత్రం ఏ సన్మానమూ లేకుండా చెరువు గట్టున గడ్డి మేసుకుంటూ ఉంటుంది.

పక్షి మనిషిని అంచనా వేసే తీరు వేరు. గేదెల వెనక కర్ర పట్టుకుని నడిచేవాడికి కొంగ పక్కకు జరిగి దారి కూడా ఇవ్వదు. మిలటరీ రంగు చొక్కా, ఆకుల టోపీ వేసుకుని మోకాళ్ల మీద పాకుతూ వచ్చేవాణ్ణి చూస్తే మాత్రం దూరం నుంచే లేచిపోతుంది. నక్కి నక్కి, చూపు తిప్పకుండా, తిన్నగా తన మీదికే రావడం వేటాడే జంతువు లక్షణం. పరధ్యానంగా, పక్కదారిన పోయేవాడితో దానికి పేచీ లేదు. ఆపి ఉంచిన కారుతోనూ లేదు. తలుపు తీసిన చప్పుడైతే చాలు, చెరువు ఖాళీ. అందుకే ఆరితేరినవాళ్లు కారు దిగరు. అద్దం దించి, కిటికీ అంచున ఇసుక సంచీ వేసి, దాని మీద లెన్స్ ఆనిస్తారు. గంటసేపు ఊపిరి బిగబట్టాక లకుముకి పిట్ట ఎదురు కొమ్మ మీదికి వస్తుంది. సరిగ్గా అప్పుడే పక్కన ఒక బైకు ఆగుతుంది. “ఏం సార్, సర్వేనా? ఇటు రోడ్డేమన్నా పడుద్దా?” అన్న ప్రశ్నతో ఆ పూట కార్యక్రమం ముగుస్తుంది.

వేసవిలో పొద్దున తొమ్మిది దాటితే లెన్స్ ఎంత ఖరీదైనదైనా దండగే. నేల నుంచి లేచే వేడిగాలికి దూరంగా ఉన్న పిట్ట నీళ్లలో నీడలా వణుకుతుంది. కోకిల రోజంతా పాడుతుంది, కనపడదు. కనపడ్డా, చుక్కల చుక్కల ఆడకోకిలను చూసి కొత్తవాడు అరుదైన పక్షి దొరికిందని నలుగురికీ ఫోన్లు చేస్తాడు. ఇక తీతువు పిట్ట. బీడు నేల మీద, గులకరాళ్లలో కలిసిపోయే గుడ్లు పెట్టి, మనిషి అలికిడికే ఊరెత్తిపోయేలా అరుస్తుంది. ఆ కేకకు చుట్టుపక్కల మిగతా పక్షులన్నీ జాగ్రత్తపడతాయి. తీతువు కూస్తే కీడంటారు పెద్దలు. కెమెరా మనిషి విషయంలో ఈ శాస్త్రం నూటికి నూరుపాళ్లు నిజం.

కనపడని పక్షుల్లో చక్రవర్తి కలివికోడి. 1848లో శాస్త్రానికి తెలిసింది, 1900 తర్వాత మాయమై అంతరించిందనిపించుకుంది, 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. రాత్రిపూట ముళ్లపొదల మధ్య తిరుగుతుంది. ఎన్ని పక్షుల్ని ఫొటో తీసినా దీని పేరెత్తితే గొప్పలు చెప్పుకునేవాళ్లంతా మాట మార్చేస్తారు.

వానాకాలం గిజిగాడిది. మగపక్షి గడ్డి పోచలు చీల్చి తెచ్చి, తాటాకు కొసన తలకిందులుగా వేలాడుతూ సగం గూడు అల్లుతుంది. ఆడపక్షి వచ్చి లోపలికీ బయటికీ తిరిగి చూస్తుంది. నచ్చితే మిగతా సగం పూర్తవుతుంది. నచ్చకపోతే మగపక్షి దాన్ని వదిలేసి ఇంకోటి మొదలుపెడుతుంది. ఈ ఇంటి తనిఖీని ఫొటో తీయడం అంత తేలిక కాదు. ఏసీ కారులోంచి బయటికి తీసిన లెన్స్‌కు ఆవిరి పడుతుంది. అది ఆరేసరికి జల్లు. జల్లు తగ్గేసరికి గాలి. గూడు ఊగుతుంది, ఆకు ఊగుతుంది, ఆటోఫోకస్ వెళ్లి వెనకున్న మట్ట మీద కూర్చుంటుంది. సెకనుకు 20 ఫ్రేముల చొప్పున ఖాళీ తాటాకుల ఫొటోలు కార్డు నిండా చేరతాయి. గూటికి అడ్డమొచ్చిన రెమ్మలు విరిచి దారి చేసుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లను క్షమించకూడదు. ఆ సందులోంచే కాకి వస్తుంది.

వానలు వెనకబట్టాక దసరా, దసరాకు పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షి అయినా కూర్చున్నప్పుడు దర్జా కనపడదు, గోధుమరంగు ముద్దలా ఉంటుంది. నీలమంతా రెక్కల్లో దాచుకుంటుంది. అది కావాలంటే 1/2000 సెకను షట్టర్ పెట్టుకుని, ఎగిరేదాకా కాచుకోవాలి. పాలపిట్టకు తొందరేం ఉండదు. మనిషి చెమట తుడుచుకోవడానికి కన్ను పక్కకు తిప్పిన క్షణంలోనే ఎగురుతుంది.

ఈ పాట్లేమీ లేకుండా పండగనాడు దర్శనం చేయిస్తామంటూ రెక్కలు కట్టేసిన పాలపిట్టను పంజరంలో తిప్పేవాళ్లు ఉంటారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. వాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. ఊరి చివర కరెంటు తీగల మీద ఓపిగ్గా వెతకండి, పాలపిట్ట ఊరికే కనిపిస్తుంది.