గోదావరికి గడువు చెప్పేదెవరు?

హెన్రీ ఫేయోల్ అనే ఫ్రెంచి గనుల ఇంజనీరు 1916లో మేనేజరు చేయాల్సిన పనులు ఐదని తేల్చి, ప్రణాళికకు మొదటి పీట వేశాడు. పాపం, ఆయన గోదావరి మీది మన పోలవరం ప్రాజెక్టు చూడలేదు. చూసుంటే శంకుస్థాపనను మొదట రాసి, ప్రణాళిక సంగతి వచ్చే ప్రభుత్వానికి వదిలేసేవాడు.

మన శంకుస్థాపన 1981లో ముఖ్యమంత్రి అంజయ్యగారి హయాంలోనే అయిపోయింది. పని కదిలింది మాత్రం 2004 తర్వాత, వైఎస్ వచ్చాక. 2005-06 ధరల్లో 10,151 కోట్లన్న అంచనా, 2017-18 ధరలకొచ్చేసరికి 55,548 కోట్లకు చేరింది. అందులో 33 వేల కోట్ల పైచిలుకు భూసేకరణకూ నిర్వాసితులకూ పోవాల్సిందే. అంటే మట్టికంటే ముందు మనుషుల సంగతి తేల్చాల్సిన ప్రాజెక్టు ఇది. కానీ నిర్వాసితుడి పక్కన నిలబడితే ఫొటో బాగా రాదు. కాంక్రీటు పక్కన బ్రహ్మాండంగా వస్తుంది.

అసలు కథ డయాఫ్రమ్ వాల్‌ది, అంటే డ్యామ్ కింద నీరు ఊరిపోకుండా ఏటి అడుగున దించే గోడది. వరద పోవడానికి స్పిల్‌వే సిద్ధం కావాలి, కాఫర్ డ్యామ్‌లతో ఏటిని అడ్డగించి అటు మళ్లించాలి, అప్పుడు గోడా దానిమీద డ్యామూ క్షేమంగా ఉంటాయి. సివిల్ ఇంజనీరింగ్ కుర్రాణ్ణి నిద్రలో లేపి అడిగినా ఈ వరస చెబుతాడు. మనవాళ్లు 2018కల్లా గోడ ముగించేశారు. స్పిల్‌వే పూర్తికాలేదు. కాబట్టి కాఫర్ డ్యామ్‌కు గండ్లు వదిలారు. సమీక్షలకు మాత్రం లోటు లేదు: సోమవారమొస్తే ముఖ్యమంత్రికి పోలవరమే. బస్సులు పెట్టి మరీ జనానికి చూపించారు. 2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్‌కెక్కారు. గండ్లు పూడ్చినందుకు గిన్నిస్‌వాళ్లు పత్రం ఇవ్వరు కాబోలు.

తర్వాత సర్కారు మారింది. కొత్తవారు సరిగ్గా వానాకాలం చూసుకుని కాంట్రాక్టరును మార్చే పని పెట్టుకున్నారు. పునరాలోచించమని ప్రాజెక్టు అథారిటీ చెప్పి చూసింది. ఎవరు వింటారు? రివర్స్ టెండరుతో కోట్లు మిగిల్చామని లెక్క చూపించారు. గోదావరి ఏ టెండరూ వేయకుండానే గండ్లలోంచి దూసుకొచ్చి, గోడ చుట్టూ ఇసుకను కోసుకుపోయి, గోడనూ దెబ్బతీసింది.

కాఫర్ డ్యామ్ లేకుండా గోడ కట్టడం తప్పని కొత్తవారు, గండ్లు పూడ్చకుండా కూర్చోవడం తప్పని పాతవారు. ఇద్దరూ చెప్పేది నిజమే. ఒకరి నిర్వాకాన్ని ఒకరు ఇంత నిజాయితీగా బయటపెట్టే ప్రభుత్వాలు మనకు దొరకడం అదృష్టం! ఈలోగా కాఫర్ డ్యామ్ లేచింది, పునరావాసం లేవలేదు. 2022 జులై వరదకు వేలేరుపాడు, కుక్కునూరు ముంపు మండలాల జనం గుట్టలెక్కి కూర్చున్నారు. వాళ్ల కోసం ఎవరూ సోమవారం కేటాయించలేదు.

గడువులకైతే కరవు రాలేదు. 2018 అన్నారు, 2019 అన్నారు, 2021, 2022, 2024 కూడా అయ్యాయి. పాత గోడ పనికిరాదని తేలి, 2025 జనవరిలో కొత్త గోడ మొదలుపెట్టారు. ఇప్పుడు 2027 అంటున్నారు.

ఈసారి ఏ మంత్రిగారైనా మైకు ముందు తేదీ చెబితే చప్పట్లు కొట్టకండి. నీళ్లు నిలిపే ముందు ఏ ఊరిని ఏ నెలలో తరలిస్తారో, అక్కడ ఇళ్లు పూర్తయ్యాయో లేదో, ఆ కాగితం మీద ఎవరి సంతకం ఉందో అడగండి.