నూటికి నూరు

రంగస్థలం ఒక పచ్చళ్ల ఫ్యాక్టరీ ఆఫీసు. పాత్రలు ముగ్గురు: యజమాని, ఏళ్ల తరబడి పద్దులు రాస్తున్న గుమాస్తా, ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్న కన్సల్టెంటు. పేర్లు అక్కర్లేదు. ఏ ఊరి ఫ్యాక్టరీకి వెళ్లినా ఈ ముగ్గురే కనిపిస్తారు. వాళ్ల ముందున్న చిక్కు మాత్రం అసలైనదే. కరెంటు బిల్లు, షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, మరమ్మతులు ఏ ఒక్క పచ్చడికీ నేరుగా అంటుకోవు. వాటిని ఏ పచ్చడి మీద ఎంత వెయ్యాలి?

కన్సల్టెంటు: ఇప్పుడు ఓవర్‌హెడ్స్ ఎలా పంచుతున్నారండీ?

గుమాస్తా: కిలోల లెక్కన బాబూ. నెల ఖర్చంతా కూడి, తయారైన కిలోలతో భాగిస్తాం. మామూలు ఆవకాయకీ అంతే, వెల్లుల్లి లేని ఆవకాయకీ అంతే.

కన్సల్టెంటు: వెల్లుల్లి లేనిది ఏపాటి చేస్తారు?

గుమాస్తా: అడపాదడపా వంద కిలోలు. దానికి ముందు మిక్సర్ విప్పాలి, వేడినీళ్లతో కడగాలి, చెమ్మ లేకుండా ఆరబెట్టాలి, మళ్లీ బిగించాలి. చెమ్మ తగిలితే బూజే గదా! లేబుల్ రోలు కూడా మార్చాలి. ఇద్దరు మనుషులకి ఒక పూట. మామూలు ఆవకాయ రెండు వేల కిలోలు దించినా ఆ కడుగుడు ఒక్కసారే.

కన్సల్టెంటు: చూశారా సార్! ఆ పూట ఖర్చు వంద కిలోలు మొయ్యాలి. మీ పద్దులో మామూలు ఆవకాయ మోస్తోంది.

ఇక్కడిదాకా కన్సల్టెంటు చెప్పినదానికి వంక పెట్టలేం. 1987లో థామస్ జాన్సన్, రాబర్ట్ కాప్లాన్ తమ 'రెలవెన్స్ లాస్ట్' పుస్తకంలో, ఆ మరుసటి ఏడు రాబిన్ కూపర్, కాప్లాన్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వ్యాసంలో మొత్తుకున్నది ఇదే. యంత్రాలు పెరిగి కూలి ఖర్చు తగ్గింది, సరుకులో రకాలు పెరిగాయి, అయినా ఓవర్‌హెడ్‌ను పాత పద్ధతిలో కూలి గంటల మీదో తూకం మీదో చల్లుతూనే ఉన్నారు. దాంతో పెద్ద మొత్తంలో చేసే సరుకు ఖరీదైనదిగా, కొద్దిగా చేసే సరుకు చవకైనదిగా పుస్తకాల్లోకి ఎక్కింది. హార్వర్డ్‌లో పాఠం కోసం రాసిన కల్పిత పెన్నుల కంపెనీ కథ కూడా ఇలాంటిదే. నీలం, నలుపు పెన్నులు లక్షణంగా అమ్ముడుపోతుంటే, లాభం ఎక్కువని ఎరుపు, ఊదా రంగులు మొదలుపెడతారు. రంగు మార్చిన ప్రతిసారీ యంత్రాన్ని సిద్ధం చేసే ఖర్చు పట్టి చూస్తే లాభాలు తలకిందులవుతాయి. కాబట్టి ఖర్చును పనుల వెంట నడిపించాలన్న సిద్ధాంతంతో ఈ వ్యాసానికి పేచీ లేదు. పేచీ అంతా ఆ సిద్ధాంతం సాఫ్ట్‌వేరై, డెమోగా మారి, యజమాని బల్ల మీదికి వచ్చేసరికి దానికేం జరుగుతుందన్న దగ్గరే.

కన్సల్టెంటు: ఇక ఫీచర్లు చూడండి సార్. క్యాంటీన్ వాళ్లు మరమ్మతు వాళ్లకి భోజనం పెడతారు, మరమ్మతు వాళ్లు క్యాంటీన్ పొయ్యి బాగుచేస్తారు. ఎవరి ఖర్చు ఎవరి మీద వెయ్యాలి? మా సాఫ్ట్‌వేర్ సమీకరణాలు కట్టి రెండువైపులా ఒకేసారి తేలుస్తుంది.

గుమాస్తా: తేల్చాక క్యాంటీన్ ఖర్చు తగ్గుతుందా?

కన్సల్టెంటు: తగ్గదండీ. సరిగ్గా పంచబడుతుంది.

యజమాని: అలా పంచితే మా బావమరిది చూసే పొడుల విభాగం మీద ఎంత పడుతుంది?

కన్సల్టెంటు: దానికి వాట్-ఇఫ్ ఉంది సార్. పంపకం ప్రాతిపదిక మార్చి చూడొచ్చు. మనుషుల సంఖ్య బదులు చదరపు అడుగులు పెడితే... ఇదిగో, లాభంలోకి వచ్చేసింది.

యజమాని: భలే! ఎవరు మార్చారో తెలుస్తుందా?

కన్సల్టెంటు: ఆడిట్ ట్రయిల్‌లో పేరు, తేదీ, టైముతో సహా ఉంటుంది సార్.

యజమాని: అది మాకొద్దు. తీసేస్తే ధర తగ్గుతుందా?

నిజానికి ఆ డబ్బాలో ఉంచుకోదగ్గవాటిలో మొదటిది ఆ ఆడిట్ ట్రయిలే. పంపకం అంటేనే ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం ఎవరిదో కనిపించనప్పుడు అది ప్రకృతి నియమంలా చెలామణీ అవుతుంది. సరే, అసలు సంగతి ఇంకా ముందుంది.

కన్సల్టెంటు: ప్రతి మనిషినీ కూర్చోబెట్టి ఏ పనికి ఎంత శాతం సమయం పోతోందో అడుగుతాం. మొత్తం 100 రాకపోతే స్క్రీన్ ఎర్రబడుతుంది, సేవ్ కాదు.

గుమాస్తా: మామిడికాయ అయిపోయాక ప్యాకింగులో పని సగమే ఉంటుంది బాబూ. అప్పుడూ 100 రావాల్సిందేనా?

కన్సల్టెంటు: రావాల్సిందే.

గుమాస్తా: మరి ఊరికే కూర్చున్న సమయం ఏ గడిలో రాయమంటావు?

కన్సల్టెంటు: అలాంటి యాక్టివిటీ మా పట్టికలో లేదండీ.

యజమాని: అంటే మా దగ్గర ఎవరూ ఖాళీగా లేరన్నమాట! ఈ రిపోర్టు బ్యాంకు మేనేజరుకి చూపించొచ్చా?

ఇందులో కన్సల్టెంటు మోసం ఏమీ లేదు. ఏ పనికి ఎంత శాతమని అడిగితే, నూటికి ముప్పై పాళ్లు కిటికీలోంచి చూస్తున్నానని ఏ ఉద్యోగీ రాయడు. ఈ పద్ధతికి ఊపిరి పోసిన కాప్లానే 2004లో స్టీవెన్ ఆండర్సన్‌తో కలిసి అదే హార్వర్డ్ పత్రికలో ఈ సంగతి ఒప్పుకున్నాడు. అందులో ఇచ్చిన ఉదాహరణ చూడండి. ఒక కస్టమర్ సేవా విభాగానికి మూడు నెలల ఖర్చు 5,60,000 డాలర్లు. ఆర్డర్లకు 70 శాతం, విచారణలకు 10, అప్పు తనిఖీలకు 20 అని సిబ్బంది చెప్పారు. ఆర్డర్లు 49,000 గనక ఒక్కోటి 8 డాలర్లు. ఇప్పుడు అదే విభాగాన్ని నిమిషాల్లో కొలిస్తే, పనికి నికరంగా దొరికేది 7,00,000 నిమిషాలు, అంటే నిమిషం 80 సెంట్లు. ఆర్డరుకు 8 నిమిషాలు, విచారణకు 44, తనిఖీకి 50 పడుతున్నాయి. ఆర్డరు ఖర్చు 6 డాలర్ల 40 సెంట్లకు దిగింది. అన్నీ కూడితే వాడిన నిమిషాలు 5,78,600. మిగతా 1,21,400 నిమిషాలకు, అంటే 97,120 డాలర్ల ఖర్చుకు, పని లేదు. శాతాల పద్ధతిలో ఆ డబ్బు చప్పుడు లేకుండా ఆర్డర్ల మీదికి, విచారణల మీదికి, తనిఖీల మీదికి ఎక్కి కూర్చుంది.

పచ్చళ్ల ఫ్యాక్టరీలో దీని ఫలితం ఇంకా ఘాటు. కాయ దొరకని నెలల్లో అవే జీతాలు కొద్ది కిలోల మీద పడి, కిలో ఖర్చు పెరిగినట్టు రిపోర్టు చూపిస్తుంది. రిపోర్టు చూసి యజమాని ధర పెంచుతాడు. ధర చూసి కొనేవాళ్లు తగ్గుతారు. కిలోలు ఇంకా తగ్గితే కిలో ఖర్చు ఇంకా పెరుగుతుంది. ప్రతి అడుగులోనూ లెక్క దశాంశాలతో సహా కరెక్టే.

కన్సల్టెంటు: ఆ నిమిషాలు కూడా అంచనాలే కదండీ. మా శాతాలు చేసుకున్న పాపమేమిటి?

గుమాస్తా: మిక్సర్ కడగడానికి రెండు గంటలన్నారనుకో. గడియారం పట్టుకుని పక్కన నిలబడితే రెండో మూడో తేలిపోతుంది. నా సమయంలో 35 శాతం వోచర్లకు పోతోందని నేను రాస్తే, అది అబద్ధమని నువ్వెలా తేలుస్తావు?

కన్సల్టెంటు: వివరం ఎక్కువైతే అంచనాలు వాటంతటవే సర్దుకుంటాయి. మా దగ్గర ఎన్ని యాక్టివిటీలైనా పెట్టుకోవచ్చు.

వివరం ఎక్కువైతే ఏమవుతుందో కూడా ఆ 2004 వ్యాసంలోనే ఉంది. హ్యూస్టన్‌లో ఎండ పందిళ్లు తయారుచేసే హెండీ ఎంటర్‌ప్రైజెస్‌లో 40 విభాగాలు, 150 యాక్టివిటీలు, 10,000 ఆర్డర్ల ఖర్చు తేల్చడానికి సాఫ్ట్‌వేర్‌కు మూడు రోజులు పట్టేది. ఇప్పటి కంప్యూటర్లు ఆ పనిని చిటికెలో చేస్తాయన్న అభ్యంతరం న్యాయమైనదే. కానీ యంత్రం వేగం పెరిగినంత మాత్రాన దానికి మేత వేసే మనుషుల వేగం పెరగదు. ఒక పెద్ద బ్యాంకు బ్రోకరేజీ వ్యాపారంలో 70,000 మంది ఉద్యోగులు నెలనెలా తమ సమయం ఎలా పోయిందో రాసి పంపాల్సి వచ్చిందట. ఆ రాతకు పట్టిన సమయం ఏ యాక్టివిటీ కింద వేశారో! పచ్చళ్ల ఫ్యాక్టరీకి కడుగుడు, లేబుల్ మార్పు, ఆర్డరు, పార్శిల్ అనే నాలుగు పనుల నిమిషాలు, ఖాళీ సమయానికి ఒక వరస చాలు. అవి ఒక్క కాగితంలో పడతాయి.

కన్సల్టెంటు: నిమిషాల వెర్షన్ కూడా ఉంది సార్. ఖాళీ సమయం వరస మామూలుగా దాచి ఉంటుంది. ఈ టిక్ తీస్తే కనబడుతుంది.

యజమాని: ఏ గది ఖాళీ ఆ గదికి విడిగా చూపిస్తుందా?

కన్సల్టెంటు: చూపిస్తుంది సార్. ఈ ఆఫీసు గదికి కూడా.

గుమాస్తా: ఈ గదికి నేనే కట్టాను అయ్యగారూ. కాగితం ఇదిగోండి.

యజమాని: (చూసి, మడిచి, జేబులో పెట్టుకుని) బాబూ, ఇందాకటి ఆ నూటికి నూరు వెర్షన్ ధర ఎంతన్నావు?