ముడి విప్పొద్దు

ఎస్సార్ నగర్‌లో మా మేనల్లుడు ఉంటున్న హాస్టల్లో పన్నెండు మందికి కలిపి ఒకటే టై. నీలం రంగు మీద ఎర్ర గీతలు. దాని ముడి ఎవరూ విప్పరు. విప్పితే మళ్ళీ వేసేవాడు లేడు. ఇంటర్వ్యూ ఉన్నవాడు తలలోంచి దూర్చుకుని, మెడ దగ్గర బిగించుకుని వెళ్తాడు. తిరిగొచ్చాక వదులు చేసి తలుపు వెనక మేకుకి తగిలిస్తాడు. ఆ ముడి వేసిన మహానుభావుడు నాలుగేళ్ళ కిందట ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్ళిపోయాడు. పోతూపోతూ బకెట్టు, ఇండక్షన్ స్టవ్వు అమ్ముకున్నాడు గానీ, టైని మాత్రం ముడితో సహా వెనకబడ్డ వర్గాల సంక్షేమానికి వదిలేశాడు.

"లక్కీ టై మావయ్యా. ఇది కట్టుకుని అయిదుగురు సెలెక్టయ్యారు."

"కానివాళ్ళో?"

"వాళ్ళకి కమ్యూనికేషన్ స్కిల్స్ వీకు."

మావాడికి గత నెలలో ఇంటర్వ్యూ పడింది. అమీర్‌పేటలో జావా నేర్పే సంస్థలోనే సాయంత్రం పూట ఒక సాఫ్ట్ స్కిల్స్ సారు వస్తారు. ఆయన చెప్పిన సూత్రాలు నోట్సులో రాసుకొచ్చి నాకు చదివి వినిపించాడు. చొక్కా లేత రంగుది, నిండు చేతులది. బెల్టు, బూట్లు ఒకటే రంగు. మేజోళ్ళు ప్యాంటు రంగులో. టై కొస బెల్టు బకిల్‌కి తాకాలి, దాటకూడదు. కోటు చివరి గుండీ పెట్టకూడదు. "పెట్టకూడనప్పుడు కుట్టడం ఎందుకు సారూ?" అని ఎవడో అడిగితే, అలాంటి ప్రశ్నలు ఇంటర్వ్యూలో అడగొద్దన్నారట.

అసలు కోటేదీ? మన ఊళ్ళలో మగవాడు జన్మకోసారి సూటు వేసుకుంటాడు, రిసెప్షన్ నాడు. అందుకని వాళ్ళ బావది నరసరావుపేట నుంచి బస్సులో వచ్చింది. మెరూన్ రంగు, కాలరు మీద జరీ లాంటి మెరుపు. మంచి బట్టే. చేతి మీద కంపెనీ లేబులు అలాగే ఉంది. అది విప్పేయాలిరా అంటే, "విప్పితే బ్రాండెడ్ అని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. వెనక చీలిక దగ్గర దర్జీ వేసిన కత్తెర గుర్తు కుట్టు కూడా పెళ్ళి నాటి నుంచీ చెక్కుచెదరలేదు. జేబులో చెయ్యి పెడితే నాలుగు అక్షింతలు దొరికాయి. శుభసూచకం అని వాటిని అక్కడే ఉంచేశాడు.

రెజ్యూమె ఫొటోలో ఉన్న కోటు ఇది కాదు. అది స్టూడియోవాడి గోడకు వేలాడేది. ఆ పేటలో ఏ రెజ్యూమె తిరగేసినా అదే కోటు, తల మాత్రం వేరు.

ఉద్యోగానికి వేషం కట్టడం ఈ ఊరికి కొత్తేమీ కాదు. నిజాం కొలువుకు పోవాలంటే షేర్వాణీ, తలకు దస్తార్, నడుముకు బగ్లూస్ ఉండాల్సిందే. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక కొలువు మాదాపూర్‌కి మారింది, బగ్లూస్ జారి టై ఎక్కింది. ఈ టై పుట్టుక వింటే మాత్రం నాకు దాని మీద గౌరవం పెరిగింది. 17వ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు దగ్గర కూలికి యుద్ధం చేయడానికి వచ్చిన క్రొయేషియా సిపాయిలు మెడకు కట్టుకున్న గుడ్డ అది. అంటే మొదటి టై కట్టుకున్నవాడు కాంట్రాక్టు ఉద్యోగి. చలిదేశంలో గొంతుకు గుడ్డ చుట్టుకోవడంలో అర్థముంది. మే నెలలో, 42 డిగ్రీల ఎండలో, అమీర్‌పేట మెట్రో మెట్ల కింద సూటు వేసుకుని షేర్ ఆటో కోసం నిలబడ్డ కుర్రాణ్ణి చూస్తే, వీణ్ణి ఏ రాజు మీదికి యుద్ధానికి పంపుతున్నారా అనిపిస్తుంది.

ఇక తల. 2017లో అర్జున్ రెడ్డి వచ్చిన దగ్గర్నుంచి గడ్డం తియ్యమనడం ఆస్తి రాసిమ్మనడం కన్నా పెద్ద మాటైపోయింది. సారు తియ్యాల్సిందే అన్నారు. తీస్తే ఇంటర్ కుర్రాడిలా ఉంటానని వీడి బాధ. తగువు తీర్చింది హాస్టల్ కింద సెలూన్ అతను. ఏ హీరో కటింగు అని అడగలేదు. "బ్యాంకా, సాఫ్ట్‌వేరా?" అన్నాడు. బ్యాంకైతే నున్నగా, సాఫ్ట్‌వేరైతే మూడో నంబరు ట్రిమ్మరు. ముక్కులో వెంట్రుకలు, చెవుల మీద వెంట్రుకలు అడక్కుండానే తీశాడు. గోళ్ళు చూసి నాలిక చప్పరించాడు. ఆ వీధిలో ఏ సారూ చూడనన్ని బ్యాచ్‌లు చూసిన మనిషి. ఫీజు మాత్రం ఆయన దగ్గరే తక్కువ.

రాత్రి మా ఇంట్లో రిహార్సల్. వాడు తలుపు తోసుకుని వచ్చి, నమస్కారం పెట్టి, అద్దం దగ్గర ఒకసారి ఆగి, చేతుల చెమట తుడుచుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"నన్ను చూడ్డానికి మీ మావయ్య వాళ్ళు వచ్చినప్పుడు నేనూ అచ్చం ఇలాగే కూర్చున్నాన్రా. పాటొచ్చా అన్నారు. నిన్ను టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్ అంటారు. ఆ తరవాత మాట 'ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తాం'. అవునా?"

"మెయిల్ చేస్తామంటారు అత్తయ్యా."

నేను జీడిపప్పు ప్లేటు వాడి వైపు జరిపాను. ఆ రోజు నేను చేసిన పని అదొక్కటే.

మర్నాడు సాయంత్రం ఫోను. గొంతు నీరసంగా ఉంది.

"లోపలికెళ్తే ఎదురుగా ఉన్నాయన అయ్యప్ప మాలలో ఉన్నాడు మావయ్యా. నల్ల చొక్కా, నల్ల లుంగీ, గడ్డం, కాళ్ళకి చెప్పుల్లేవు. నా బూట్లకేసి చూడనే లేదు. 'చెప్పండి స్వామీ, జావాలో ఇన్‌హెరిటెన్స్ అంటే ఏంటి స్వామీ' అన్నాడు. చెప్పాను స్వామీ... మావయ్యా."

డిసెంబరు నెల. నలభై ఒక్క రోజుల పాటు ఈ దేశంలో వేషం గురించి ఎవరూ ఎవర్నీ అడగని కాలం అదొక్కటే. వీడు దానిలోకి బావ సూటుతో వెళ్ళాడు.

"మరింకేం, బాగానే జరిగిందిగా?"

"చివర్లో ఆయన నా వైపు చూసి, 'మెడ నొక్కుకుపోతున్నట్టుంది, కాస్త వదులు చేసుకోండి స్వామీ' అన్నాడు. టెన్షన్‌లో ఏ కొస లాగానో తెలీదు. ముడి జారిపోయింది."

"సెలెక్టయ్యావా?"

"అది మెయిల్ చేస్తారట. ముందు ముడి సంగతి చెప్పు. రేపు పొద్దున్న తొమ్మిదింటికి మా రూమ్మేట్‌కి బ్యాంకు ఇంటర్వ్యూ. వాడు భోంచెయ్యడం లేదు."

నాకేం తెలుసు? నేను టై కట్టింది ఒకేసారి, పెళ్ళి ఫొటోకి. దాని వెనక ఎలాస్టిక్ ఉండేది.

రాత్రి పదిన్నరకు పన్నెండు మందీ ఫోను చుట్టూ చేరి డాలస్‌కి వీడియో కాల్ చేశారు. అక్కడ పగలు పదకొండు. ఉద్యోగంలో ఉన్నాడు, ఆఫీసు టైమే. బనీను, నిక్కరుతో సోఫాలో కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నాడట. టై చూపించగానే గుర్తుపట్టాడు. ఇంకా ఉందా అని ముచ్చటపడ్డాడు. కాసేపు గాల్లో చేతులు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇక్కడెవరూ కట్టుకోర్రా. మర్చిపోయాను. యూట్యూబులో చూడండి."