సుస్థిరుడి సంసారం

బస్తర్‌లోని జగదల్‌పూర్‌కి తెలుగువాళ్లు కొత్తేం కాదు. వ్యాపారానికి వచ్చినవాళ్లు, రైల్వేలో పనికి వచ్చినవాళ్లు, కోంటా వైపు నుంచి చదువులకని వచ్చి ఉండిపోయినవాళ్లు ఎప్పుడో స్థిరపడిపోయారు. మధ్యమధ్య ఇంకో రకం దిగుతూంటారు. వీళ్లు స్థిరపడటానికి రారు, ఊరిని సుస్థిరం చెయ్యడానికి వస్తారు. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఉండి, అది అయిపోగానే జార్ఖండ్‌కో ఒడిశాకో ఎగిరిపోతారు. అలాంటాయన్ని మా వీధిలో చాటున సుస్థిరుడంటాం. ఎదురుపడితే సారే.

పోల్చుకోవడం తేలిక. చేనేత లాల్చీ, చేతిలో స్టీలు సీసా, భుజాన గుడ్డ సంచి, సంచి మీద ఏదో సదస్సు పేరు. అలాంటి సంచులు ఇంట్లో బీరువాకి సరిపడా ఉంటాయి. పరిచయమైన పది నిమిషాల్లో కాకతీయుల సంగతి ఎత్తుతాడు. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఓరుగల్లు నుంచి వచ్చి ఇక్కడ రాజ్యం పెట్టాడని బస్తర్ రాజవంశం చెప్పుకుంటుంది కదా, ఆ లెక్కన ఈయన వలస రాలేదట, మనవాళ్ల ఊరికే వచ్చాడట.

ఇంట్లో చట్టాలు కఠినం. స్నానానికి ఒకటే బకెట్టు. బియ్యం కడిగిన నీళ్లు మొక్కలకి. ఏసీ 27కి తగ్గకూడదు. మే నెలలో మాత్రం రిపోర్టు గడువు వస్తుంది, గడువుతోపాటు ఏసీ 22కి దిగుతుంది. పెరటి గోడవారన కంపోస్టు కుండ పెట్టాడు.

"ఏవండీ, పక్కింటావిడ మళ్లీ అడిగింది, మీ ఇంట్లో ఏదైనా చచ్చిందా అని."

"చావలేదోయ్, ఎరువవుతోందని చెప్పు."

అత్తగారిది కొత్తవలస. అటునుంచి వచ్చే కిరండూల్ రైల్లో ఎవరో ఒకరు తెలిసినవాళ్లు దొరుకుతారు కాబట్టి, ఏటా ఆవకాయ సీసాని పాలిథిన్ సంచిలో, ఆ సంచిని ఇంకో సంచిలో, దాన్ని మరో సంచిలో చుట్టి పంపిస్తుంది. ఈయన ఒక్కో పొరా విప్పుతూ ఫోన్లో క్లాసు పీకుతాడు. "అత్తయ్యగారూ, ఇవి వందల ఏళ్లయినా మట్టిలో కలవవండీ." ఆవిడ పాపం సంతోషించింది. "అయితే జాగ్రత్తగా దాచండి అల్లుడుగారూ, వచ్చే ఏడూ వాటిలోనే పంపిస్తాను."

ఇలా ఊరందరినీ దిద్దే మనిషి, ఒకనాటి సాయంత్రం మిరపకాయ బజ్జీలు పాలిథిన్ సంచిలో పట్టుకొచ్చి ఇల్లాలికి దొరికిపోయాడు. తడుముకున్నాడనుకుంటున్నారా? కుర్చీ లాక్కుని బైలాడిల్లా ఇనుప గనుల నుంచి మొదలెట్టాడు. ఆ కొండల్ని 1968 నుంచి తవ్వుతున్నారు. మీ అమ్మ ఆవకాయ వచ్చే ఆ రైలు మార్గం వేసిందే ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్‌కి పంపడానికి. ఇప్పుడు నగర్నార్‌లో ఏకంగా ఉక్కు ఫ్యాక్టరీయే వచ్చింది. ఇంత వ్యవస్థ ముందు నా బజ్జీల సంచి ఎంతోయ్?

సుస్థిరుడి గుట్టంతా ఈ తూకంలోనే ఉంది. అత్తగారి సంచిని బంగారం కొట్టు త్రాసులో గ్రాములతో తూస్తాడు. తన సంచిని గనుల ముందుంచిన వేబ్రిడ్జి మీద పెడతాడు, ముల్లు కదలదు. పైగా అబద్ధం కూడా కాదు. అందుకే ఇల్లాలు జవాబు దొరక్క బజ్జీలు తినేసింది.

ఆయన్ని చూడాలంటే సంతలో చూడాలి. ఆ రోజు చాప్‌డా అమ్ముతున్న ఒకామె ముందు గొంతుక్కూర్చున్నాడు. చాప్‌డా అంటే ఎర్రచీమలు, గుడ్లతో సహా. అల్లం, మిరపకాయలు, ఉప్పు వేసి నూరితే పచ్చడి, పుల్లగా ఉంటుంది. ఈయన శాకాహారి. అయినా సంప్రదాయ పోషకాహారం మీద ఫొటో వ్యాసం రాయాలిగా, కొన్నాడు. "దీదీ, ప్లాస్టిక్ వద్దు" అన్నాడు హిందీలో, ముందుగానే. ఆమె ఎప్పుడూ వాడేది ఆకుదొన్నే. చీమలు అందులో కుప్పగా కదులుతున్నాయి. ఫొటోలయ్యాయి. దొన్నె అంచు దాటి ఒకటీ అరా చేతి మీదికి పాకుతుంటే ఆమె బుట్ట కింద నుంచి నలిగిన పాలిథిన్ సంచి తీసి, "మూతి కట్టేస్తాను భయ్యా" అంది. ససేమిరా అన్నాడు. దొన్నెని గుడ్డ సంచిలో పెట్టుకుని స్కూటరెక్కాడు. సగం దూరం రాకముందే స్కూటరాపి, నడిరోడ్డు మీద లాల్చీ విప్పేశాడు. చీమలకి మాత్రం విడుదల లభించింది. వ్యాసంలో ఈ భాగం లేదు.

పల్లెల్లో ఆయనకి గిరాకీ ఉంది, కానీ ఆయన అనుకునే కారణానికి కాదు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సామాన్లు కొన్ని దేశమంతటా నిషేధించారు కదా. ఆ జాబితాలో 100 మైక్రాన్ల లోపు ఫ్లెక్సీలూ ఉన్నాయి. సుస్థిరుడు చట్టానికి కట్టుబడ్డవాడు. "ప్లాస్టిక్‌కు వీడ్కోలు" ఫ్లెక్సీని అంతకన్నా మందంగా, పన్నెండడుగుల వెడల్పున కొట్టిస్తాడు. దాని కింద కూర్చుని ఊళ్లోవాళ్లు రెండు గంటలు ఓపిగ్గా వింటారు. సభ అవగానే ఎవరో ఒకాయన వచ్చి, "ఇది మీకు మళ్లీ పనికొస్తుందా?" అంటాడు. వానాకాలంలో చూడండి, పెంకులు జారిన పాకల మీదా, ఇప్పపువ్వు మూటల మీదా ఆయన నినాదాలే. చుక్క కారదు. రిపోర్టులో దీన్ని పునర్వినియోగం అని రాశాడు. అదీ అబద్ధం కాదు.

2020లో జగదల్‌పూర్ నుంచి హైదరాబాద్‌కి విమానం మొదలయ్యాక వాతావరణ మార్పు మీద సభలకి ఆయన దాన్లోనే వెళ్తున్నాడు. భద్రాచలం మీదుగా బస్సుంది కదా సార్ అంటే, సమయం కూడా వనరేనయ్యా అన్నాడు. అక్కణ్ణించి ఇంకో గుడ్డ సంచి వస్తుంది.

ఇన్ని అన్నాను గానీ, మనిషి లేకపోతే వీధికి లోటే. మా వినాయక చవితి భోజనాల్లో ప్లాస్టిక్ ప్లేట్లు పోయి అడ్డాకు విస్తళ్లు వచ్చాయంటే ఆయన నస భరించలేకే. ఆకులు కుట్టే ఆడవాళ్లకి బేరమాడకుండా డబ్బులిప్పించిందీ ఆయనే. నిషేధం చట్టంలో ఉంటే చాలదు, రోజూ వెంటబడి విసిగించే మనిషొకడు కావాలి. ఆ పనికి ఈయన్ని మించినవాడు లేడు.

కాబట్టి రేపు ప్రాజెక్టు మారి మీ ఊరికొస్తే ఆదరించండి. ఫ్లెక్సీ అడగండి, గట్టిది ఇస్తాడు. కంపోస్టు కుండ మాత్రం మీ గోడ వైపు పెట్టనివ్వకండి.