అమ్మ నడుములో దాక్కున్నదానికి

పేరు పెట్టి పిలుద్దామంటే రెండున్నర నెలలు నీ పేరే మాకు తెలియలేదు. సాయంత్రం అయిదు దాటేసరికి అమ్మ వణుకుతూ దుప్పటి కప్పుకునేది. థర్మామీటర్ 101 దాటేది. తెల్లారేసరికి జాకెట్టు చెమటకు తడిసి ముద్దయ్యేది. నువ్వున్నావనడానికి మా దగ్గరున్న ఆనవాలు అదొక్కటే.

నల్లగొండలో చేయించని పరీక్ష లేదు. మలేరియా కాదన్నారు, టైఫాయిడ్ కాదన్నారు, డెంగీ కాదన్నారు. ఛాతీ ఎక్స్‌రే బాగుంది, కడుపు స్కానింగ్ బాగుంది. ఈఎస్ఆర్ మాత్రం ఎప్పుడు చూసినా ఎక్కువే. వెళ్లిన ప్రతిచోటా ఓ యాంటీబయాటిక్ రాసిచ్చారు. లెవోఫ్లాక్సాసిన్ వాడినప్పుడు పది రోజులు జ్వరం రాలేదు. తగ్గిందనుకుని సంబరపడ్డాం. ఆ మందు నిన్ను పూర్తిగా చంపకుండా కొన్నాళ్లు అణిచిపెడుతుందని, దాంతో నిన్ను పట్టుకోవడం ఇంకా కష్టమవుతుందని తర్వాత తెలిసింది. నువ్వు దాక్కోవడానికి చేతులారా మేమే సాయం చేశాం.

మూడు వారాలు దాటినా తగ్గకుండా, 101 పైకి పదేపదే వస్తూ, ఎన్ని పరీక్షలు చేసినా మూలం చిక్కని జ్వరాన్ని వైద్యులు విడిగా లెక్కగడతారు. 1961లో పీటర్స్‌డార్ఫ్, బీసన్ అనే అమెరికా డాక్టర్లు దానికి మొదట కొలత పెట్టారు. మా అమ్మ ఆ లెక్కలోకి వచ్చిందని హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది. పెట్ సీటీ తీయిద్దామంది. అది క్యాన్సర్‌ వాళ్లకు తీసేది కదా అని నా గుండె జారిపోయింది. అప్పుడామె కూర్చోబెట్టి చెప్పింది.

నువ్వు ఎక్కడున్నావో అమ్మ ఒంటికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెల్లకణాలు నీ చుట్టూ మూగి పోరాడుతూనే ఉన్నాయి. ఎక్స్‌రే, సీటీ ఆకారాన్ని చూస్తాయి. నువ్వు ఎముకను తినేసి ఆకారం చెడగొట్టేదాకా వాటికి నువ్వు ఆనవు. న్యూక్లియర్ మెడిసిన్ వాళ్లు ఆ పోరాటాన్నే వెతుకుతారు. 1976లో మెకాఫీ, ఠాకూర్ అనే శాస్త్రవేత్తలు తెల్లకణాలకు ఇండియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని అంటించే పద్ధతి చూపించారు. రోగి నుంచి 40, 50 మిల్లీలీటర్ల రక్తం తీసి, తెల్లకణాలను వేరుచేసి, ఇండియం అంటించి మళ్లీ ఆ మనిషికే ఎక్కిస్తారు. మర్నాడు గామా కెమెరా కింద పడుకోబెడితే అవి ఎక్కడికి వెళ్లి చేరాయో కనబడుతుంది. మార్చిన మోకాలి కీలులో చీము చేరిందా, షుగర్ పుండు కింద ఎముక చెడిందా అని తేల్చడానికి ఇప్పటికీ ఈ దారిలో వెళ్తారు.

వెన్నెముక దగ్గర మాత్రం ఆ పద్ధతి తరచూ తప్పుతుంది. అక్కడ చక్కెర పనికొస్తుంది. పోరాడే కణాలు గ్లూకోజును గబగబా లాక్కుంటాయి. ఆ గ్లూకోజుకు ఫ్లోరిన్-18 తగిలించి నరంలోకి ఇస్తే, తల నుంచి తొడల దాకా ఒకే విడతలో చూడొచ్చు. పెట్ సీటీ అంటే అదే. ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు అంతకన్నా ఏం కావాలి? అయితే ఆ ఫ్లోరిన్ 110 నిమిషాలకోసారి సగమైపోతుంది. తయారైనచోటికి మరీ దూరమైతే అందదు. అందుకే మాలాంటి వాళ్లు పెద్ద ఊరికి పోవాల్సి వస్తుంది.

అమ్మ ఆరు గంటలు ఏమీ తినకుండా వెళ్లింది. ముందు షుగర్ చూశారు, 148. రక్తంలో చక్కెర మరీ ఎక్కువుంటే బొమ్మ సరిగ్గా రాదట. సిరంజిని బరువైన లోహపు తొడుగులో పెట్టి తెచ్చి, సూది ఇచ్చి, లైటు తగ్గించిన గదిలో గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమన్నారు. కండరం కదిలితే అదీ చక్కెర లాక్కుంటుంది. ఆ పూట చిన్నపిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఇంటికొచ్చాక నా నాలుగేళ్ల కూతురు గడప దగ్గరే నిలబడి, "అమ్మమ్మా, నేనేం చేసిన?" అని అడిగింది. "నువ్వేం చేయలేదు, రేపు ఎత్తుకుంట బిడ్డా" అంది అమ్మ, గోడవైపు తిరిగి.

బొమ్మలో మెదడు నల్లగా ఉంది, మూత్రాశయం నల్లగా ఉంది. అవి అలాగే ఉండాలి. పక్కటెముకలు ముగిసేచోట, రెండు వెన్నుపూసల నడుమ ఇంకో నల్లమచ్చ, చింతగింజంత. అక్కడ ఉండకూడనిది. నువ్వే.

మచ్చ నీ చోటు చూపించింది కానీ పేరు చెప్పలేదు. క్యాన్సర్ గడ్డ కూడా అలాగే నల్లగా కనబడుతుంది. సీటీలో చూస్తూ సూదితో ముక్క తీసి ల్యాబ్‌కు పంపారు. రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు. క్షయ అని తేలింది. క్షయ అని విని దేవుడికి దండం పెట్టుకుంటానని నేనెప్పుడూ అనుకోలేదు.

నీతో ఇంకో మాట చెప్పాలి. జ్వరం మొదలైన వారానికే అమ్మ, "నడుం గుంజుతుంది బిడ్డా" అంది. మంచం మీంచి లేవాలంటే పక్కకు తిరిగి, పట్టె పట్టుకుని లేచేది. వయసు మీద పడిందిలే అని జండూబామ్ రాశాను. మేం తిరిగిన ఏ డాక్టరూ నొప్పి ఎక్కడని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఫైలులో నలభై కాగితాలున్నాయి, ఒక్కదాంట్లోనూ నడుము అన్న మాట లేదు. అప్పుడే అక్కడ ఎమ్మారై తీసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఆమె ఒళ్లు చెప్పింది, నోరూ చెప్పింది. నేనే వినలేదు.

మందులు మొదలై నాలుగు నెలలైంది. జ్వరం లేదు. బెల్టు పెట్టుకుని వాకిలి దాకా నడుస్తోంది. పన్నెండు నెలలు వాడాలన్నారు. పొద్దున పరగడుపున మాత్రలు నేనే లెక్కబెట్టి, ఆమె మింగేదాకా పక్కనే నిలబడుతున్నాను. ఈసారి మధ్యలో ఆపేది లేదు. ఇంకా ఎనిమిది నెలలు.